కంప్యూటర్‌కు ఎర్త్ గుంత

నేను వీడియో గేములు ఆడతానని చెప్తే మా ఆఫీసులో ముందు నవ్వుతారు, తర్వాత నా వయసు అడుగుతారు. ముప్పై దాటి కొన్నేళ్లయింది. వనపర్తిలో అమ్మానాన్నలతో సొంతింట్లో ఉంటాను, రోజూ బస్సెక్కి నాగర్‌కర్నూల్‌లో ఉద్యోగానికి పోతాను, బీపీ లేదు, షుగరు లేదు. ఇంత చెప్పినా వాళ్ల అనుమానం తీరదు. "అంటే ఫోన్ల ఆ మిఠాయిలు పేలుస్తరు సూడు, అదా మేడం?" అంటారు. కాదు. మిఠాయిలు పేల్చడానికి నేను ఏడాదిపాటు పైసా పైసా కూడబెట్టలేదు.

ఈ పిచ్చి నాకు గద్వాలలో అంటుకుంది. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు పెద్దమ్మ వాళ్లింటికి పోయేదాన్ని. అక్కడ టీవీకి తగిలించే గేము డబ్బా ఒకటుండేది. క్యాసెట్ పనిచేయకపోతే బయటికి తీసి నోటితో ఉఫ్ అని ఊది మళ్లీ గుచ్చేవాళ్లం. పెద్దమ్మ కొడుకులు, మా అన్నలిద్దరికీ గెలవడమే పని. నాకేమో తెరమీద ఆ బొమ్మల మేఘాలు, వెనక కొండలు చూడాలని ఉండేది. నా వంతు రాగానే మనిషిని ఒకచోట నిలబెట్టి చూస్తూ కూర్చునేదాన్ని. "అది ఆడదు, ఆడనియ్యదు" అని రిమోట్ గుంజుకునేవాళ్లు.

ఇప్పటికీ నా ఆట అదే. గుర్రమెక్కి ఎవరూ లేని లోయల్లో తిరుగుతాను. మంచు కురిసే ఘాట్ రోడ్డుమీద లారీ నడుపుతాను. రాజుగారి కూతుర్ని విడిపించే పని ఆలస్యమైతే కానివ్వండి, ఆమె ఇన్నాళ్లు ఆగింది, ఇంకొన్నాళ్లు ఆగుతుంది. ఆడపిల్లగా పెరిగినన్ని రోజులు ఎక్కడికి, ఎందుకు, ఎవరితో, ఎప్పుడొస్తవ్ అన్న ప్రశ్నలకు జవాబు చెప్పకుండా వీధి మలుపు దాటలేదు. ఇక్కడ అడిగేవాళ్లు లేరు. ఆ సుఖం మగవాళ్లకు చెప్పినా అర్థం కాదు.

పాత లాప్‌టాప్ ఇలాంటి ఆటలకు ఆయాసపడేది. కొత్తది కొందామని ఊళ్లో ఒక షాపుకు పోతే, అక్కడాయన నా చీర, నా చేతిసంచి చూసి, "మీ ఆఫీసు పనికి ఇది సాలు మేడం" అని ఒక సన్నటి డబ్బా చూపించాడు. నాకు ఒళ్లు మండింది. నా పని ఏదో నాకు తెలియదా? ఆ రోజే నిర్ణయించుకున్నాను, నా కంప్యూటర్ నేనే బిగించుకుంటానని.

సామాన్లన్నీ ఒకేసారి కొనలేదు. ఒక పండక్కి ప్రాసెసర్, ఇంకో పండక్కి మదర్‌బోర్డు. గ్రాఫిక్స్ కార్డు వచ్చిన రోజు దాన్ని బీరువాలో పట్టుచీరల మధ్య దాచాను. అమ్మ చూసి, "ఏందే ఇది, బంగారమా?" అంది. "బంగారం కన్నా ఎక్కువనే" అన్నాను. మూతి తిప్పింది కానీ దానిమీద ఒక మెత్తటి జాకెట్టు గుడ్డ కప్పింది.

ఒక ఆదివారం పొద్దున హాల్లో చాప పరిచి అన్నీ ముందేసుకుని కూర్చున్నాను. అమ్మ పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నాయన పేపరు చదువుతున్నట్టు నటించి, నటించి, చివరికి పేపరు మడిచి పక్కన పెట్టి నా దగ్గర చతికిలబడ్డాడు. పెబ్బేరు దగ్గరి మా పొలం కౌలుకిచ్చినప్పటి నుంచి నాయన చేతులకు పని లేదు, ఆయనకు పని లేకపోవడం ఆరోగ్యానికి మంచిది కాదు. టార్చి ఆయన చేతికిచ్చాను. ఎంత శ్రద్ధగా పట్టాడో! నేను ఎటు తలతిప్పితే అటు వెలుతురు వచ్చేది.

ప్రాసెసర్‌ను దాని గూట్లో పెట్టేటప్పుడు నా ఊపిరి ఆగింది, నాయన ఊపిరి కూడా ఆగింది. దానిమీద పేస్టు బఠాణీ గింజంత వేసి ఫ్యాను బిగించాను. "ఇది ఏం చేస్తది బిడ్డా?" "లెక్కలు చేస్తది నాయినా." "ఇదో?" "బొమ్మలు గీస్తది." "మరి గీ ఫ్యాన్లన్ని దేనికి?" "లెక్కలు చేస్తుంటే తలకాయ వేడెక్కదా?" నాయన ఎంత నవ్వాడో. పెరట్లో ఉన్న కాకులు లేచిపోయాయి.

మొదటిసారి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెరమీద మాత్రం ఏమీ రాలేదు. ర్యామ్ ముక్క సరిగా దిగలేదని తర్వాత తెలిసింది. తీసి, టక్కుమనేదాకా మళ్లీ నొక్కాను. ఈసారి తెర వెలిగింది. అద్దం వెనక ఫ్యాన్లు ఎర్రగా, నీలంగా, పచ్చగా మెరిశాయి. అమ్మ చిక్కుడుకాయల పళ్లెం వదిలేసి పోయి కుంకుమ భరిణె తెచ్చి డబ్బాకు బొట్టు పెట్టింది. ఆ క్షణంలో ముగ్గురం ఎంత సంతోషంగా ఉన్నామో చెప్పలేను.

నాయన ముందుకొచ్చి, సంతలో కొత్తగా కొన్న ఎద్దు వీపు నిమిరినట్టు, క్యాబినెట్ ఇనుప అంచుమీద అరచెయ్యి వేశాడు. వేసి, ఠక్కున వెనక్కి తీసుకున్నాడు.

"జిమ్ముమంటుంది" అన్నాడు. నవ్వు మాయమైంది.

నేనూ ముట్టుకున్నాను. నిజమే, చీమలు పాకినట్టు సన్నగా తగులుతోంది. దీని సంగతి నాకు తెలుసు. ఇంటర్నెట్‌లో చదివాను, చాలామందికి జరిగేదే. "ఏం కాదు నాయినా. జరంత లీకేజీ ఉంటది. చెప్పులేసుకుంటే అది గూడ తెల్వది. దీనితోని మనుషులు సావరు."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అమ్మ నావైపు చూసిన చూపు అదే చెప్పింది. నాయన లేచి వరండాలోకి పోయాడు. మరుక్షణం ఇంట్లో కరెంటు పోయింది. మెయిన్ ఆయనే బంద్ చేశాడు.

మా చిన్నాయన, అంటే నాయన తమ్ముడు, కరెంటు కొట్టి పోయాడు. నేను అప్పుడు రెండో తరగతి. బోరు దగ్గర, వానలో, మోటరు స్టార్టర్ డబ్బా ముట్టుకుని. నాకు తెలిసింది అంతే, అదీ అమ్మ చెప్పగా. హాల్లో ఆయన ఫోటో ఉంది. నాయన ఆ సంగతి ఎత్తగా నేనెప్పుడూ వినలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో యుద్ధం నడిచింది. నాయన కుర్చీ మెయిన్ బోర్డు కిందికి మారింది. నేను ఆఫీసు నుంచి వచ్చి, చాయ తాగి, మెల్లగా గదిలోకి పోయి బటన్ నొక్కేదాన్ని. ఫ్యాన్ల చప్పుడు వినబడగానే వరండాలో టక్. ఇల్లంతా బంద్. లోయలో నా గుర్రం, నేను, సగం దారిలో మాయం. అమ్మ సీరియల్ కూడా మాయం. అమ్మ కోపం నామీదే: "మీ నాయినతోని పంతమేందే నీకు?" నేను వరండాలోకి పోయి నిలదీసేదాన్ని: "నేను చిన్నపోరినా నాయినా?" ఆయన రోడ్డువైపు చూస్తూ ఒకటే మాట: "అది ఇంట్ల వద్దు బిడ్డా. ఎవలకన్న ఇచ్చెయ్." నేను నాలుగు మాటలంటే తిరిగి నాలుగనే మనిషి అలా మెత్తగా చెప్తుంటే నాకు ఇంకా మండేది. నా డబ్బు, నా కష్టం, నా ఇన్నేళ్ల ఆశ. చివరికి పార్టులు విప్పి డబ్బాల్లో పెట్టి అమ్మేద్దామని కూడా అనుకున్నాను, పంతంకొద్దీ.

అమ్మే ముందు ఒకసారి కరెంటు పనిచేసే అతన్ని పిలిచాను, ఏం కాదని అతను చెప్తే అయినా నాయన వింటాడని. అతను ప్లగ్ బోర్డు విప్పి మూడో రంధ్రంలోకి టార్చి వేశాడు. వైరు ఉంది. దాని వెంట గోడ పట్టుకుని పోతూ పెరట్లోకి తేలాడు. అక్కడ గోడకు మేకు, మేకుకు చుట్ట చుట్టి తగిలించిన పచ్చ వైరు. ఇల్లు కట్టిన రోజు నుంచి అది అక్కడే ఉంది. దానికి అమ్మ బట్టల క్లిప్పులు పెట్టుకుంటుంది.

"ఎర్త్ వైరు ఇదే అక్కా. గుంతనే తియ్యలే" అన్నాడు. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడితే, గుంత తర్వాత తీద్దామని అప్పుడు అందరూ అనుకున్నారట. ఆ 'తర్వాత' అనేది మా ఇంట్లో ఇంకా రాలేదు. మనిషి లోతు తవ్వి, పైపు దించి, బొగ్గులు, ఉప్పు వేసి, ఈ వైరు దానికి కలిపితే లీకైన కరెంటు భూమిలోకి పోతుందని, మనుషుల్లోకి రాదని నాయనకు చెప్పాడు. నాయన అంతా విని, "అప్పుడు జిమ్ముమనదా?" అని అడిగాడు. "అనది పెద్దనాయనా." "జరంత గూడ?" "జరంత గూడ అనది. రేపొచ్చి తవ్వుత."

రేపు రాలేదు. ఎల్లుండీ రాలేదు. ఫోన్ చేస్తే, "తొవ్వల ఉన్న అక్కా" అనేవాడు. ఏ తొవ్వో, ఏ దారో దేవుడికే తెలియాలి.

ఒకరోజు నేను బస్సు దిగి ఇంటికొచ్చేసరికి పెరట్లో ఎర్రమట్టి కుప్ప, దాని వెనక గుంతలో నడుము దాకా నాయన. గడ్డపార పట్టుకుని తవ్వుతున్నాడు. అమ్మ గట్టుమీద నిలబడి లబోదిబోమంటోంది: "జర నువ్వన్న చెప్పు! మోకాళ్ల నొప్పులని మొన్ననే దవాఖాన సుట్టు తిరిగినం!" నేను చెప్పాను. ఆయన వింటే కదా. చీర కుచ్చిళ్లు దోపి తట్ట అందుకున్నాను. ఆయన నింపి ఇవ్వడం, నేను ఎత్తి పొయ్యడం.

బొగ్గులు వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర తెచ్చాం. ఉప్పు మూట కోసం కిరాణా కొట్టుకు పోతే, "ఇప్పుడేం పచ్చళ్లు పెడుతున్నరు మేడం, మామిడికాయ గూడ లేదు" అన్నాడు కొట్టాయన. కంప్యూటర్‌కు అన్నాను. అతను నన్ను జాలిగా చూశాడు.

మరుసటి రోజు మొరం తగిలింది. గడ్డపార వేస్తే ఖణేల్‌మంటోంది. నాయన ఛాతీ దాకా గుంతలో ఉన్నాడు. కాసేపు ఆగి, గడ్డపారకు ఒరిగి, నన్ను చూడకుండా మట్టిగోడను చూస్తూ మాట్లాడాడు.

"మా స్టార్టర్ డబ్బ గూడ గిట్లనే జిమ్ముమంటుండె బిడ్డా. శానా దినాలు. ముట్టుకుంటే సన్నగ గుంజుతుండె. మీ చిన్నాయన కావాలని చెయ్యి పెట్టి, ఎగిరి దుంకి, అందర్ని నవ్విస్తుండె. నేను గూడ నవ్వుతుంటి. గంతే గదా, ఏం కాదు అనుకుంటిమి."

నేను తట్ట కింద పెట్టాను.

"ఆ దినం వాన పడుతుండె. కరెంటొచ్చింది, పోయి మోటరేసి రాపో అని నేనే అంటి. నేనే పొమ్మంటి."

గడ్డపార ఎత్తి మళ్లీ తవ్వడం మొదలుపెట్టాడు. నేను గుంత అంచున కూలబడ్డాను. ఏం కాదు నాయినా అని నేను అన్న ప్రతిసారీ ఆయనకు ఎవరి గొంతు వినపడిందో అప్పుడు అర్థమైంది. ఇన్ని రోజులు ఆయన నా ఆటను ఆపుతున్నాడనుకున్నాను. ఆయన కాపలా కాస్తున్నాడు. మా నాయన మీద నాకు ఎప్పుడూ ప్రేమే, కానీ ఆ సాయంత్రం కలిగిన ప్రేమకు నా గుండె నొచ్చింది.

పైపు దించి, ఒక వరస బొగ్గులు, ఒక వరస ఉప్పు, నాయనే స్వయంగా నింపాడు. బిందెలు బిందెలు నీళ్లు పోశాడు. అంతా అయ్యాక మన కరెంటాయన తొవ్వలోంచి ఊడిపడ్డాడు. అమ్మ క్లిప్పులన్నీ తీసుకుంది. అతను పచ్చ వైరు విప్పి పైపుకు బిగించి, లోపలికొచ్చి ప్లగ్గులో కరెంటు రంధ్రానికి, ఎర్త్ రంధ్రానికి మధ్య బల్బు పెట్టి చూపించాడు. నిండుగా వెలిగింది. "అయిపోయింది పెద్దనాయనా, ఇగ పరేషాన్ లేదు."

నేను కంప్యూటర్ ఆన్ చేసి, ముట్టుకోబోయాను. నాయన నా రెక్క పట్టి పక్కకు జరిపాడు.

"నువ్వాగు."

చెంబుతో నీళ్లు తెచ్చి బల్ల ముందు బండలమీద కుమ్మరించాడు. "పెద్దనాయనా, గట్లెందుకు, నేను చూసిన గదా" అని కరెంటాయన అంటూనే ఉన్నాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాయన చెప్పులు విడిచి ఆ నీళ్లలో నిలబడ్డాడు. కళ్లు మూసుకుని, అరచెయ్యి మొత్తం ఆ ఇనుప అంచుకు ఆనించాడు. తీయలేదు. అలాగే ఉంచాడు.

తర్వాత కళ్లు తెరిచి, రెండో చేత్తో నా చెయ్యి అందుకుని, తన చెయ్యి పక్కన పెట్టాడు.

"ఏం లేదు బిడ్డా, సల్లగున్నది" అన్నాడు. "ఇగ ఆడుకో."