మా పెద్దమ్మ మోసిన గొర్రె

ఆ రోజుల్లో దేవుడు మా ఖిదిర్‌పూర్ తెలుగు చర్చిలో కంటే మా పెద్దమ్మ వంటింట్లోనే ఎక్కువసేపు ఉండేవాడని నా గట్టి నమ్మకం. ఆదివారం ఆరాధన ముగియగానే ఆయన కూడా అందరితో పాటు ట్రామెక్కి వెళ్లిపోయేవాడేమో గానీ, పెద్దమ్మ ఇంట్లో మాత్రం కుక్కర్‌లోనూ, చేపల బుట్టలోనూ, దోమతెరలోనూ, ఎక్కడ వెతికితే అక్కడ దొరికేవాడు. కుక్కర్ కూత పెట్టగానే మూత తీయబోతే నా చేతి మీద ఒక్కటిచ్చి, "కూతెట్టినంత మాత్రాన అయిపోదమ్మీ, ఆవిరి దిగాల. పార్దన సేసీసి, ఆమెన్ అనీసి, ఎంటనే మూత తీసి సూత్తే ఏటవుతాది? మొకం కాల్తాది" అనేది. ఇలిశ చేప ముళ్లకు భయపడి ముక్కను పక్కకు నెడితే, "వాక్యం కూడా ఇలిస లాటిదే. ముల్లున్నాదని సేపని పారేత్తామేటి? మెల్లిగా తినాల" అనేది. దోమతెర మూడు పక్కలా దోపి నాలుగో పక్క బద్ధకించిన రోజున, "దోమకి ఆ ఒక్క పక్కా సాలు. సైతానుకీ అంతే" అని దీపం ఆర్పేసింది. (ఆ రాత్రి నేను సైతాను సంగతి మరచిపోయి దోమ గురించే ఆలోచించాను.) అందుకే మా వీధిలో అందరూ ఆమెను పాఠాల పెద్దమ్మ అనేవారు. శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో పుట్టి, ఓడల డాక్‌లో బస్తాలు మోసే మా పెదనాన్నను పెళ్లాడి ఈ బెంగాలీ ఊరు వచ్చిన మనిషి. బడి మొహం చూడలేదు. తెలుగు అక్షరాలు చర్చి చాప మీద కూర్చుని నేర్చుకుంది.

ఆమె దగ్గరే పెరిగిన నేనేమో అప్పుడే కాలేజీ ముగించి, ఒక కొరియర్ ఆఫీసులో ఫోన్లెత్తే ఉద్యోగంలో చేరాను. ఉద్యోగం చేస్తున్న మనిషిని కాబట్టి లోకంలో అన్ని విషయాల మీదా నాకు అభిప్రాయాలుండేవి. ఒక ఆదివారం ఆరాధన తర్వాత, నాకు వరసకు బాబాయి అయ్యే చర్చి సెక్రటరీ లేచి, సండే స్కూలు మూసేద్దామన్నాడు. "ఈ గుంటలకి తెలుగు తలకెక్కదు. ఇంట్లో అమ్మతో రెండు ముక్కలు, బయటికెల్తే అంతా బెంగాలీ. మనమెందుకు గొంతు సించుకోడం? ఇంగ్లీషు చర్చికి పంపించీద్దాం" అన్నాడు. పెద్దవాళ్లంతా తలలూపారు. నాకు మాత్రం ఏమయిందో, ఒక్క ఉదుటున లేచి నిలబడి, "ఈ వేసవి సెలవులు నాకివ్వండి బాబాయ్. ఆఖరి రోజున పిల్లల చేత తెలుగులో నాటకం వేయిస్తాను. అప్పుడు చూసి మాట్లాడండి" అనేశాను. సెక్రటరీ బాబాయి నన్ను పైనుంచి కిందకి చూశాడు. నా తెలుగు చదువు సంగతి ఆయనకు తెలుసు. (వాక్యం చదవమంటే ఒత్తు కనబడిన చోటల్లా ఆగి చెమట తుడుచుకునేదాన్ని.) అప్పుడు చాప మీంచి మా పెద్దమ్మ గొంతు వినిపించింది. "ఇచ్చీరా. ఆల్లకీ రాదు, దీనికీ రాదు. అందరూ కలిసి నేర్సుకుంటారు." ఇది నాకు మద్దతో, అవమానమో తేల్చుకునేలోపే బాబాయి సరేననేశాడు.

పిల్లలకు నేను ఎంచుకున్న కథ తప్పిపోయిన గొర్రె కథ. బెంగాలీ ముక్క దొర్లకుండా అచ్చ తెలుగులోనే చెప్పాలని పంతం పట్టాను. ఒక కాపరికి బోలెడు గొర్రెలున్నాయి, ఒక గొర్రె తప్పిపోయింది, కాపరి మిగతావాటిని వదిలేసి కొండలూ ముళ్లపొదలూ వెతికి, దొరికాక దాన్ని భుజాల మీద ఎత్తుకుని ఆనందంగా ఇంటికి తెచ్చాడు, దేవుడు కూడా మనల్ని అలాగే వెతుకుతాడు అని చేతులూ కాళ్లూ ఊపుతూ చెప్పాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. ఆ తర్వాత అడిగిన ప్రశ్నలు వింటే నా ప్రాణం లేచొచ్చింది.

"దీదీ, ఆ గొర్రె పాలిత్తాదా?"

"ఇస్తుంది. ఎందుకివ్వదు?"

"కాపరి దాన్ని ఒక్కడే ఎత్తీసినాడా? ఎవులూ సాయం పట్టలేదా?"

"ఒక్కడే. అదే ఆయన ప్రేమ."

"బాప్ రే!" అంది తరగతి మొత్తం.

అందరిలోకీ సన్నగా ఉండి, మేమంతా గొడుక్కాడ అని పిలిచే కుర్రాడొకడు లేచి, "దీదీ, అది ట్రామ్ లైను మీద పడుకుండిపోతే?" అని అడిగాడు. అయినా సరే వెళ్లి ఎత్తుకొస్తాడన్నాను. ఆ సాయంత్రం ఇంటికెళ్లి, "పెద్దమ్మా, పిల్లల కళ్లలో విశ్వాసం చూశాను" అన్నాను గర్వంగా. "బాగుంది, ఈ చిక్కుడుకాయలు ఒలు" అంది పెద్దమ్మ.

నాటకానికి గొడుక్కాడ కాపరి. గొర్రె వేషానికి నేను అందరిలోకీ చిన్నవాణ్ని అనుకున్నాను గానీ, పిల్లలు ఒక్క గొంతుతో బూరెమ్మ పేరు చెప్పారు. బూరెబుగ్గలతో, పుష్టిగా ఉండే పిల్ల. ఆ వయసుకే తన ఒళ్లు చూసుకుని సిగ్గుపడి, చర్చిలో ఎప్పుడూ స్తంభం వెనకాలే కూర్చునేది. ఎవరైనా తనను దేనికైనా ఎంచుకోవడం అదే మొదటిసారేమో, మొహం వెలిగిపోయింది. ఉన్ని గొర్రె బొద్దుగానే ఉంటుంది కదా అని నేనూ సరేనన్నాను. వేషం బాధ్యత కూడా బూరెమ్మే తీసుకుంది. వాళ్ల నాన్న మెటియాబ్రుజ్ వైపు ఆటో నడుపుతాడు, అక్కడొక దర్జీ మాస్టరు ఆయనకు స్నేహితుడు. దేవుడి నాటకమని ఈ పిల్ల వెళ్లి చెబితే ఆ మాస్టరు ఊరికే కుట్టిస్తానన్నాడట. అభ్యాసం చేసేటప్పుడు ఎత్తే ఘట్టం మాత్రం రోజూ దాటేసేవాళ్లం. "ఆ రోజున ఎత్తీత్తాను దీదీ, టెన్షన్ నెయ్, బయపడకు" అనేవాడు గొడుక్కాడ, తన చీపురుపుల్ల చేతుల్ని మడిచి కండ చూపిస్తూ.

ఆఖరి రోజు రానే వచ్చింది. చర్చి నిండిపోయింది. విశాఖపట్నం నుంచి పెద్ద పాస్టరు అయ్యగారొకరు దైవ వర్తమానం చెప్పడానికి వచ్చారు. రెండు దుప్పట్లు కట్టి తెర చేశాం. తెర వెనక బూరెమ్మ దర్జీ మాస్టరు పంపిన సంచి విప్పింది. ముందు రెండు కొమ్ములు బయటకు వచ్చాయి, దూది కూరి, బారెడేసి పొడుగున. ఆ తర్వాత కుచ్చున్న తోక. తెలుపూ గోధుమరంగూ మచ్చలతో మెరిసే ఒళ్లు. మెడలో గంట. ఆ మాస్టరు చేతికి దండం పెట్టాలి, అంత అందమైన ఆవును నేను బజార్లో కూడా చూడలేదు.

"ఇదేంటే?" అన్నాను.

"గొర్రె, దీదీ."

"గొర్రెకి ఈ తోకేంటే? ఈ గంటేంటే?"

"గొరుకి ఉంటాయి కదా దీదీ!" అంది బూరెమ్మ, నా అజ్ఞానానికి జాలిపడుతూ.

అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. బెంగాలీలో గొరు అంటే ఆవు. పుట్టినప్పటి నుంచీ ఆ భాష నా నాలుక మీదే ఉంది, అయినా తెలుగు పంతంలో పడి నాకు తట్టనే లేదు. ఈ ఊళ్లో గొర్రెను చూడని పిల్లలు, నేను గొర్రె అన్నప్పుడల్లా, తెలుగులో ఆవును అలా కాస్త గట్టిగా నొక్కి పలుకుతారు కాబోలు అనుకున్నారు. సెలవులన్నాళ్లూ వాళ్ల మనసుల్లో మంచి కాపరి కొండలూ ముళ్లపొదలూ దాటి, నిండు ఆవును భుజాన వేసుకుని, ట్రామ్ లైను వెంట నడిచి వస్తున్నాడు! వాళ్ల కళ్లలో నేను చూసిన విశ్వాసమంతా అదీ.

ఇంకేం చేయడానికీ వ్యవధి లేదు. ఎవరో తెర లాగేశారు. బూరెమ్మ నాలుగు కాళ్ల మీద వేదిక మధ్యకు వెళ్లి, గంట మోగించి, గొంతెత్తి "హంబా!" అంది. చర్చి మొత్తం గొల్లుమంది. పాపం గొడుక్కాడ ఆ నవ్వును మెప్పనుకుని, హుషారుగా వచ్చి ఆవును ఎత్తబోయాడు. ఆవు కదలలేదు. రెండో పక్కకు వెళ్లి పట్టాడు. ఆవు కింద కాపరి పడ్డాడు. అప్పుడు సెక్రటరీ బాబాయి వెనక వరసలోంచి, "డాక్ నుంచి క్రేను పిలండ్రా!" అన్నాడు. ఆయనేదో సరదాకే అన్నాడు. డాక్ మనుషులు కదా, అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

బూరెమ్మ లేచి నిలబడింది. కొమ్ములు ఒక పక్కకు వాలిపోయాయి. తెర వెనకున్న నా వైపు తిరిగి, "నన్ను ఎవులూ మొయ్యలేరు దీదీ. నాను బరువు" అంది చిన్న గొంతుతో. ముందు వరసలకు ఆ మాట వినిపించింది. వాళ్ల నవ్వు ఆగింది, వెనకవాళ్లది ఆగలేదు. నాకు ఆ క్షణాన తెలుగూ రాలేదు, బెంగాలీ కూడా రాలేదు.

చాప మీంచి పెద్దమ్మ లేచింది. మోకాళ్ల నొప్పుల మనిషి, లేవడానికే ఇద్దరి భుజాలు కావాలి. చీర కొంగు నడుముకు బిగించి, మెల్లిగా వేదిక దగ్గరకు వచ్చి, బూరెమ్మకు వీపు తిప్పి వంగింది.

"ఎక్కమ్మీ. ఉప్పుమూట."

"వద్దు మామ్మా, నువ్వు పడిపోతావు."

"నీ బరువు నాకు సెప్తావేటి? బస్తాలు మోసినోడి పెల్లాన్ని నాను. ఎక్కు."

బూరెమ్మ ఎక్కింది. పెద్దమ్మ ఒక చేత్తో బల్ల పట్టుకుని, "పెబువా" అని, లేచి నిలబడింది. తోక నేల మీద ఈడుస్తుంటే, గంట మోగుతుంటే, ఆ ముసలి ప్రాణం ఆ పిల్లను మోసుకుంటూ వరసల మధ్య నుంచి వెనకదాకా నడిచింది. సెక్రటరీ బాబాయి ముందు ఆగి, రొప్పుతూ, "ఇదిగోరా, క్రేనొచ్చింది సూడు" అంది. ఆయన తల దించుకుని, దారిలో ఉన్న కుర్చీ పక్కకు లాగాడు. పెద్దమ్మ వెనక్కి తిరిగి అందరినీ చూసింది.

"నవ్వుతారేటి? గొర్రెపిల్లనైతే ఎవులైనా ఎత్తుతారు. ఆవుని ఎత్తినోడే నా దేవుడు. ఇన్నేల్లూ నానెంత బరువో, ఆయనకెంత కట్టమో అని బెంగెట్టుకున్నాను. ఈ గుంటలు సెప్పినాకే తెలిసింది, ఆయన ఆవునైనా ఎత్తీగలడని."

అంతలో ఆమె వీపు మీంచి బూరెమ్మ, తన వంతు సంభాషణ గుర్తొచ్చి, చర్చి దద్దరిల్లేలా "హంబా!" అంది. మళ్లీ అందరూ నవ్వారు గానీ, ఈసారి నవ్వుతున్నవాళ్లు కళ్లు కూడా తుడుచుకున్నారు. అయ్యగారు లేచి, తెరిచి పెట్టుకున్న బైబిలు మూసేసి, "నేను చెప్పవలసిన వర్తమానం అమ్మగారు మోసుకుని వెళ్లిపోయారు. ఇక ప్రార్థన చేసుకుందాం" అన్నారు. అంత చిన్న వర్తమానం మా చర్చిలో అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

మర్నాటి నుంచి కొన్నాళ్లపాటు పెద్దమ్మ మంచం దిగలేదు. నేను ఆఫీసుకు సెలవు పెట్టి వేడినీళ్ల కాపడం పెడుతూ, "మోసేటప్పుడు ఆలోచించొద్దా?" అని విసుక్కున్నాను. "మోసేటప్పుడు ఆత్మ, దించినాక నడుం" అని మూలిగింది. నాకు చిలిపితనం పుట్టి, "మరి అంతమందిని మోస్తాడు కదా, దేవుడికి నడుం నొప్పి రాదా పెద్దమ్మా?" అని అడిగాను. ఆమె తడుముకోలేదు. "రాకేటి? అందుకే కదేటి, ఏడో రోజున నడుం వాల్చినాడు!"

సండే స్కూలు మూయలేదు. మరుసటి ఆదివారం సెక్రటరీ బాబాయే తన మనవల్ని చెవులు పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాడు. బూరెమ్మ స్తంభం ముందుకు వచ్చింది. నేను పెద్దమ్మ పక్కన కూర్చుని, ఆమె పెద్దక్షరాల బైబిల్లో వేలు పెట్టి చదువుతూ, ఒత్తులంటే భయం పోగొట్టుకున్నాను. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆ మనిషి చలవే. ఆమె ప్రభువు దగ్గరకు వెళ్లి కొన్నేళ్లయింది. అక్కడ కూడా ఆయన్ని వంటింట్లో కూర్చోబెట్టి ఏదో ఒకటి ఒలిపిస్తూనే ఉంటుందని నా అనుమానం.

మొన్న మా అమ్మాయితో వాట్‌గంజ్ దగ్గర బస్సెక్కాను. కిటకిటలాడుతోంది. కండక్టరు ఎప్పటిలాగే, "పిఛొనేర్ దికే ఎగియే జాన్!" అని అరిచాడు. వెనక వైపుకి ముందుకు సాగండి అని. ఈ ఊరి బస్సుల్లో చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. కానీ ఆ రోజు ఎందుకో కడ్డీ పట్టుకుని వేలాడుతూనే నాకు ఒళ్లు పులకరించింది. "చూశావుటే, వెనక్కి వెళ్లడమే ముందుకు సాగడమట! ప్రభువు కూడా ఇదే కదా చెప్పాడు, కడపటివాళ్లే మొదటివాళ్లని. తగ్గించుకోవడమంటే..." అని మొదలుపెట్టాను. పక్కనున్న ముసలాయన కూడా చెవి ఒగ్గాడు. మా అమ్మాయి కిటికీలోంచి బయటకు చూసి, "అమ్మా, మన స్టాప్ దాటిపోయింది" అంది.

దిగి, ఎండలో వెనక్కి నడిచాం. నాతో సంబంధం లేనట్టు అది పది అడుగులు ముందు నడుస్తోంది. దాని వయసులో నేనూ పెద్దమ్మకు సరిగ్గా అంతే దూరంలో నడిచేదాన్ని. పిలిచి పక్కన నడవమందామనుకున్నాను గానీ, ఎందుకో నవ్వొచ్చి, ఊరుకున్నాను.