నాచు పట్టిన అద్దం

ఊరందరికీ ఆదివారం ఆటవిడుపు. శకుంతలకు మాత్రం నాచు గీకే రోజు. పొద్దున్నే కాఫీ గొంతులో పడిందో లేదో, కొంగు నడుముకు బిగించి, హాల్లో ఈశాన్యం మూలనున్న చేపల తొట్టి ముందు చతికిలబడేది. కాలం చెల్లిన ఏటీఎం కార్డు ఒకటి ఆమె ఆయుధం. దానితో అద్దం లోపలివైపు గీకుతుంటే పచ్చటి పొర ఉండలు చుట్టుకుంటూ అడుక్కి జారేది. మధ్యాహ్నానికి అద్దం తేటపడేది, ఆమె భుజం పట్టేసేది. వారం తిరిగేసరికి తొట్టి మళ్లీ యథాప్రకారం పచ్చగా ఉండేది.

మిగిలిన రోజులన్నీ రేపల్లెకే సరి. అక్కడొక ప్రైవేటు బడిలో ఆమె లెక్కలు చెప్పేది. పొద్దున తెనాలిలో ప్యాసింజరు ఎక్కడం, పొద్దుగూకాక దిగడం. ఇంట్లో అత్తగారు వెంకటరత్నమ్మ, కుర్చీలో భర్త గౌరీశంకరం.

గౌరీశంకరం బస్సు కండక్టరు. తెనాలి బస్టాండులో ఆయన "రేపల్లె, రేపల్లె" అని ఒక్క కేక పెడితే, టిఫిన్ తింటున్నవాడు కూడా చెయ్యి కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చేవాడు. ఆ గొంతు విని అల్లుడా, మనవడా అని వరసలు కలిపిన ముసలమ్మలు ఎంతమందో! అంతటి మనిషికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట ముక్కలైపోయింది. మొదట్లో డిపో అంతా వచ్చి చూసి వెళ్లింది. తర్వాత పండక్కొకరు, పబ్బానికొకరు. ఆ తర్వాత అదీ లేదు. ఎవరి సంసారాలు వాళ్లవి, ఎవరినని ఏం లాభం?

బావ రోజంతా గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడని, బాపట్లలో ఉండే శకుంతల తమ్ముడు నాగార్జున ఈ తొట్టి తెచ్చిపెట్టాడు. రంగురంగుల చేపలు, బుడగలొదిలే మోటారు, అడుగున గులకరాళ్లు. ఎక్కడ పెట్టాలన్న దగ్గర వెంకటరత్నమ్మ వాస్తు పట్టుకుంది. నీళ్లు ఈశాన్యంలోనే ఉండాలని పట్టుబట్టింది. ఆ మూలనే తూర్పు కిటికీ. పొద్దుటి ఎండంతా తిన్నగా తొట్టిలోకి దిగేది. చేప చచ్చినా ఆవిడ దిగులుపడేది కాదు, ఇంటికి రావాల్సిన కీడు అది తీసుకుపోయిందనేది. మరి వచ్చిన కీడును ఏ చేపా తీసుకుపోలేదేం అన్న మాట శకుంతలకు నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

అద్దం తేటగా ఉన్న రోజు గౌరీశంకరం ముఖంలో కాస్త కళ ఉండేది. చేపల వెంట ఆయన కళ్లు తిరిగేవి. నాచు కమ్మేస్తే మెడ వాలిపోయేది. ఆయనకు మిగిలిన లోకం ఆ కాస్త అద్దమే. అదీ మూసుకుపోతుంటే శకుంతల ఊరుకోలేకపోయేది. అందుకే ఆ నాచు మీద ఆమెకంత పగ.

మొదట్లో చెయ్యకూడని పనులన్నీ చేసింది. నీళ్లన్నీ పారబోసి, గులకరాళ్లను సబ్బుపొడితో తోమి, అప్పటికప్పుడు కుళాయి నీళ్లు నింపింది. సాయంత్రానికి సగం చేపలు వెల్లకిలా తేలాయి. ఆ సంగతి ఫోన్లో విని నాగార్జున లబలబలాడాడు.

"నీళ్లన్నీ ఎవరు తీసెయ్యమన్నారక్కా? పావు వంతు తీసి, ముందురోజు బకెట్లో పట్టి ఉంచిన నీళ్లు పొయ్యాలి. నాచుకి కావాల్సినవి ఎండా, ఎక్కువైన మేతా. ఆ రెండూ తగ్గించు, అదే పోద్ది."

ఎండ సంగతి సులువుగానే తేలింది. కిటికీకి చీరాల దుప్పటి అడ్డం కట్టింది. మేత మాత్రం అత్తగారి చేతుల్లో ఉంది. చేపలకు వెయ్యందే ఆవిడ కాఫీ ముట్టదు.

"అత్తయ్యా, పొద్దున ఒక్క చిటికెడు చాలండి. మిగిలింది అడుక్కి పోయి కుళ్లుద్ది. దాంతోనే నాచు పెరుగుద్దంట."

"సరేలే అమ్మాయ్."

అయినా నాచు ఆగలేదు. మేత డబ్బా చూస్తుండగానే ఖాళీ అయ్యేది.

"మళ్లీ పోశారా?"

"పోశాన్లేమ్మా. నోళ్లు తెరుచుకుని చూస్తాయి, మనసాగలా."

రైలు ఆలస్యమై నీరసంగా ఇంటికి చేరిన ఒక సాయంత్రం శకుంతల అరిచేసింది. "మీకేమండీ, పొయ్యడం మీ వంతు, గీకడం నా వంతు!" ముసలావిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఆ మొదటిరోజు మధ్యాహ్నం శకుంతల ఎండలో ఉసూరుమంటూ ఇల్లు చేరేసరికి వీధి తలుపు ఓరగా వేసి ఉంది. లోపలినుంచి గౌరీశంకరం గొంతు వినపడింది.

"రే... పల్లె. రే... పల్లె."

ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన ఎడంచేత్తో అద్దాన్ని తట్టాడు. ఒళ్లోని డబ్బాలోంచి చిటికెడు మేత తీసి తొట్టిలో వదిలాడు. చేపలన్నీ పొలోమని పైకొచ్చాయి. వంకరపోయిన ఆయన పెదవి మీద నవ్వు విచ్చుకుంది. కాస్త తిని అవి వెనక్కి పోగానే మళ్లీ తట్టాడు, మళ్లీ పిలిచాడు, మళ్లీ వేశాడు. వాటికి కడుపులు నిండి, మేత అంతా గులకరాళ్ల మీదికి దిగుతోంది.

అలికిడికి నిద్ర లేచి వెంకటరత్నమ్మ పక్కకొచ్చి నిలబడింది.

"డబ్బా నేనే అందిస్తున్నా అమ్మాయ్," అంది గొంతు తగ్గించి. "చెప్పకపోతే నన్నే తిడతావు, వాణ్ణి తిట్టవుగదా అని ఊరుకున్నా. వాడు పిలిస్తే వచ్చేది అవేనే."

శకుంతలకు ముందు ఒళ్లు మండింది. ఇన్నాళ్ల భుజం నొప్పికి కారణం ఈ మనిషా! ఆ వెనకే చెప్పలేనంత సిగ్గు ముంచుకొచ్చింది. ఆయన కోసం అద్దం తుడుస్తూ, ఇంట్లో ఉండే ఒక్క రోజూ ఆయనకే వీపు పెట్టి కూర్చుంది. ఆమె గీకుతున్నంతసేపూ వెనకనుంచి ఆయన ఏదో అంటూనే ఉండేవాడు. "ఉండండి, అయిపోవచ్చింది" అనేదే తప్ప తిరిగి చూసేది కాదు.

డబ్బా దాచేస్తే నాచు దానంతటదే తగ్గిపోతుందని ఆమెకు తెలుసు. కానీ దాచడానికి చెయ్యి రాలేదు.

ఆదివారం వచ్చింది. అలవాటు కొద్దీ కొంగు బిగించి, కార్డు పట్టుకుని తొట్టి దాకా వెళ్లింది. అద్దం పచ్చగా ఉంది, లోపల చేపలు నీడల్లా కదులుతున్నాయి.

"రే..." అన్నాడు వెనకనుంచి గౌరీశంకరం.

శకుంతల కార్డు కిటికీలో పడేసింది. పీట తెచ్చుకుని ఆయన కుర్చీ పక్కన కూర్చుంది.

"వచ్చానండీ," అంది.

ఇంకేదో చెప్పాలనుకుంది గానీ, ఇన్నాళ్ల అలసటా ఒక్కసారి మీదపడింది. కుర్చీ చేతికి తల ఆనించి అలాగే నిద్రపోయింది. మెలకువ వచ్చేసరికి ఆయన ఎడంచెయ్యి ఆమె జుట్టు మీద ఉంది. మేత డబ్బా మూత ఆ పూటంతా ఎవరూ తియ్యలేదు.