ఇంట్లో చెప్పని మాట

చెంపదెబ్బ కొట్టినవాడు దర్జాగానే ఉన్నాడు. దెబ్బ తిన్న ఆవిడ చేత క్షమాపణ చెప్పించారు.

ఆవిడ అంబులెన్సులో నర్సు. మనిషి కాస్త పొట్టి కాబట్టి డిపోలో అందరికీ పొట్టి సిస్టర్. ఆ రోజు వెళ్ళిన ఇంట్లో పెద్దాయన పోయి చాలాసేపయింది. ఒళ్ళు చల్లబడింది, దవడ బిగుసుకుంది. "పోయారండీ" అని ఉన్నమాట చెప్పింది. ఆయన అల్లుడు చెయ్యెత్తాడు. మర్నాడు సూపర్‌వైజరు పిలిచి, "పలుకుబడి ఉన్నవాళ్ళమ్మా, ఒక్క సారీ చెప్పేస్తే పోయేదేముంది?" అన్నాడు. పోయేది ఆయనది కాదుగా! ఆవిడ పళ్ళ బిగువున సారీ చెప్పి, మొహం కడుక్కుని బండెక్కింది.

అప్పటినుంచి ఆవిడ నోటివెంట 'పోయారు' అన్న మాట రాలేదు. పోయినవాళ్ళ ఛాతీ కూడా బంధువుల కళ్ళెదుట నొక్కుతూ ఆసుపత్రి దాకా తీసుకెళ్ళేది. ఆవిడొక్కతే కాదు, ఆ డిపోలో అందరిదీ అదే దారి. దానికి వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న పేరు నాటకం. మన కోపానికి జడిసి శవాల పక్కటెముకలు విరిచే గతి వాళ్ళకు పట్టించింది మనమే.

బండి నడిపేది సైరన్ బాబాయ్. ఆయన నవ్వితే వీధి చివర వినిపించేది, అందుకా పేరు.

"ఏం పొట్టీ, ఇవాళ నాటకం ఎన్ని అంకాలు?" అనేవాడు, బండి తిప్పుతూ.

"నువ్వు గబగబా తోలితే ఒక్కటే బాబాయ్."

"నా మీద మాత్రం ఆడావంటే లేచొచ్చి మొట్టికాయేస్తా."

"లేచొస్తే ఇంకేం, నేను గెలిచినట్టేగా!"

ఆ నవ్వుల్లోకి రోగం దూరింది. బాబాయ్‌కి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అని తేలేసరికే అది ఎముకల్లోకి పాకింది. డ్యూటీ మానేశాడు. చివరిసారి డిపోకి వచ్చినప్పుడు, కడిగిన బండి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఈసారి నవ్వకుండా అన్నాడు.

"పొట్టీ, నా గుండె ఆగితే ఆగనీ. నొక్కొద్దు, గొట్టాలెయ్యొద్దు. మనం ఎంతమందిని చూళ్ళేదు? బతికించడం వేరు, వేలాడదియ్యడం వేరు."

"ఇంట్లో చెప్పావా?"

"మీ పిన్నికి చెప్తే ఏడుస్తుంది. మా అబ్బాయేమో వినడు. నీకు చెప్పాగా! ఫోన్ కొడితే వచ్చేది మీరేగా."

అంబులెన్సు వాళ్ళు చేసే పొరపాటే ఇది. రోజూ చావును మోసేవాళ్ళు దాని గురించి బండిలో మాట్లాడుకుంటారు, గుమ్మం దాటి ఇంట్లోకి తీసుకుపోరు.

ఫోన్ రానే వచ్చింది. పట్టపగలు, వీధి నిండా జనం. అడ్రసు బాబాయ్ ఇంటిది. కొత్త డ్రైవరుకి సందులు తనే చెప్పి, బ్యాగు భుజానేసుకుని మెట్లెక్కింది.

మంచానికీ బీరువాకీ మధ్య నేలమీద ఉన్నాడు బాబాయ్. పిన్ని తువ్వాలుతో విసురుతోంది. సెల్‌ఫోన్లు బాగుచేసుకునే కొడుకు తండ్రి చెంపలు తడుతున్నాడు.

"ఇప్పుడే మంచినీళ్ళడిగాడే! ఇటు తిరిగేలోపల పడిపోయాడు" అంది పిన్ని.

మెడ దగ్గర వేళ్ళు పెట్టింది. నాడి లేదు. ఒళ్ళు వెచ్చగా ఉంది. ఇప్పుడు నొక్కితే గుండె మళ్ళీ కొట్టుకోవచ్చు. అదే ఆవిడ భయం.

"ఏంటక్కా చూస్తున్నావ్? నొక్కు!" అని అరిచాడు కొడుకు.

"పిన్నీ, ఇలా అయితే ఏం చెయ్యాలో బాబాయ్ నీకేమైనా చెప్పాడా?"

"నాకేం చెప్తాడే?"

"నాతో చెప్పాడు పిన్నీ. నొక్కొద్దన్నాడు."

"మాతో అననిది నీతో అన్నాడా?" కొడుకు లేచి నిలబడ్డాడు. "ఊళ్ళో అందరి ఛాతీలూ నొక్కుతావ్. మా నాన్న దగ్గరికొచ్చేసరికి చేతులు పడిపోయాయా?"

"నీ కాళ్ళు పట్టుకుంటానే తల్లీ, చెయ్యవే" అంది పిన్ని.

ఇంట్లోవాళ్ళు వద్దంటే తప్ప ఆపకూడదన్నది ఆఫీసు రూలు. ఇంట్లోవాళ్ళు వద్దనడం లేదు. ఆవిడ చెంప చురుక్కుమంది. రూలుకి లొంగుతోందో, పాత దెబ్బకి లొంగుతోందో ఆవిడకే తెలియలేదు. అరచేతులు ఆయన ఛాతీమీద ఆనించింది. నాటకం కాదు, నేర్చుకున్న పనంతా పెట్టి నొక్కింది. రోగం తినేసిన ఎముకలు మొదటి ఊపుకే విరిగాయి. ఆవిడ ఆపలేదు.

"వచ్చేసింది సిస్టర్!" అన్నాడు కొత్త డ్రైవరు, మెడమీద వేళ్ళు పెట్టి. కొడుకు ఆవిడ రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎంతోమంది పెట్టిన దణ్ణాల్లో ఆవిడ ఒళ్ళు జలదరించింది ఆ ఒక్కదానికే.

ఐసీయూలో బాబాయ్ నోట్లో గొట్టం. లాగేసుకోకుండా చేతులు మంచం కమ్మీలకు కట్టేశారు. తెలివొచ్చినప్పుడు ఆవిడవైపు చూశాడు. ఆవిడ చూపు తిప్పుకుని బయటికొచ్చేసింది. వరండాలో పిన్ని ఆవిడ కొంగు పట్టుకుంది.

"ఆరోజు ఏమన్నాడో చెప్పు. ఒక్క ముక్క మార్చకుండా."

చెప్పింది. వేలాడదియ్యడం అన్న మాట దగ్గర పిన్ని గోడకి చేరగిలబడింది.

"ఆయన మాటే ఇది. నాకెందుకు చెప్పలేదే?"

"ఏడుస్తావని."

"ఏడిస్తే ఏమైంది? ఏడుస్తూనే వినేదాన్నిగా!"

మళ్ళీ గుండె ఆగితే ఇక నొక్కొద్దని డాక్టరుకి చెప్పేద్దామంది పిన్ని. కొడుకు ఒప్పుకోలేదు. "మనమే చంపుకున్నట్టు కాదా అమ్మా?"

"చంపేది రోగంరా. కట్టేసింది మనం. నా మాట నమ్మకు, మీ అక్క మాటా నమ్మకు. లోపలికెళ్ళి ఆయన్నే అడుగు."

కొడుకు తలుపు దగ్గర తచ్చాడి, చివరికి లోపలికెళ్ళాడు. తండ్రి చెవి దగ్గర వంగాడు. "నాన్నా, మళ్ళీ ఆగితే... నొక్కమంటావా?" బాబాయ్ గొంతులో గొట్టం ఉన్నా తల అడ్డంగా ఊగింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. కొడుకు వెక్కి వెక్కి ఏడుస్తూనే వెళ్ళి డాక్టర్ని పిలుచుకొచ్చాడు. డాక్టరు ముందు బాబాయ్‌ని అడిగి, ఆ తర్వాత తల్లీకొడుకులతో మాట్లాడి, సరేనన్నాడు. గొట్టం తీయించి, చేతుల కట్లు విప్పించాడు. మళ్ళీ గుండె ఆగినప్పుడు ఎవరూ పరుగెత్తలేదు. ఆయన చెయ్యి పిన్ని చేతుల్లో ఉంది.

ఆ సాయంత్రం పొట్టి సిస్టర్ భర్తనీ కూతుర్నీ ఎదురుగా కూర్చోబెట్టింది.

"నా గుండె ఆగితే ఏం చెయ్యాలో చెప్తా, వినండి."

"అన్నం ముందు ఈ పాడు మాటలేంటే?" అన్నాడు భర్త.

"సరే, తిని వినండి. వినందే ఎవరూ లేవడానికి లేదు."

కూతురు ఫక్కున నవ్వి, వెంటనే కళ్ళు తుడుచుకుంది. ఆవిడ చెప్పింది. ప్రమాదం జరిగితే అన్నీ చెయ్యండి, నయంకాని రోగమైతే నొక్కొద్దు, గొట్టాలొద్దు అని. తర్వాత భర్తని అడిగింది. ఆయన కోరిక వేరు. చివరిదాకా ప్రయత్నించమన్నాడు. ఆవిడ సరేనంది.

చదువుతున్న మీకు నేను చెప్పేది ఇదే. మీకేం కావాలో, ఏం వద్దో మీ ఇంట్లో చెప్పండి. అన్నీ చెయ్యమంటారా, అదీ చెప్పండి. అంబులెన్సుకి ఫోన్ చేసేది ఎవరో వాళ్ళకే చెప్పండి. మీ అమ్మానాన్నల్ని కూడా అడగండి, ఏడుపొస్తే ఏడవనివ్వండి. రేపటికి వాయిదా వెయ్యకండి. ఈ పుస్తకం మూసి, పక్కగదిలో ఉన్న మనిషిని పిలవండి.