పిన్ని వీపు మీద విశేషణం

మా పిన్నికి బట్టలు కుట్టడమూ వచ్చు, నేర్పడమూ వచ్చు. కానీ కుట్టుపని స్కూల్లో టీచరుద్యోగం ఇవ్వాలంటే పదో తరగతి పాసవ్వాలన్నారు. అన్నీ గట్టెక్కి ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది. ఈసారీ పోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారట. ఇంక చూస్కోండి మా ఇంటి సంబరం!

పుస్తకం పట్టుకుంటే ఆవిడకి నిద్రొస్తుంది. చేతికి తగిలితేనే ఏదైనా బుర్రకెక్కుతుంది. అందుకని కనబడిన బట్టకల్లా ఓ ఇంగ్లీషు మాటా, అది నామవాచకమో క్రియో చీటీ మీద రాసి గుండుసూదితో గుచ్చేసింది. కాలరుకి ‘కాలర్’, నామవాచకం. కుట్టుమిషను మీద కప్పిన గుడ్డకి ‘స్టిచ్’, క్రియ. బాబాయి అయితే, పాపం, చొక్కా వెనక ‘లూజ్, విశేషణం’ అన్న చీటీతోనే కూరగాయలకి వెళ్లొచ్చాడు.

“వీధిలో అందరూ నన్ను చూసి నవ్వుతారేంటే?”

“నీ అందానికి మురిసిపోయుంటార్లే,” అంది పిన్ని, నోట్లో గుండుసూదులు పెట్టుకునే. నేను నేలమీద పడి దొర్లాను.

ఇంగ్లీషు తప్పిన ఘనత నాకూ ఉంది కాబట్టి పరీక్షకి ఇద్దరం కలిసే వెళ్లాం. హడావుడిలో పిన్ని కొక్కేనికున్న కోటు తగిలించుకుని పరుగెత్తింది. నేనూ గమనించి చావలేదు. ప్రశ్నపత్రాలు పంచగానే ఆవిడ వెనక బెంచీవాడు కిసుక్కుమన్నాడు. పర్యవేక్షకుడు వచ్చి కోటు మీంచి చీటీ పీకాడు. ‘వార్మ్, విశేషణం’.

“కాపీ! లేవండి, బయటికి నడవండి.”

పిన్ని మొహం తెల్లబోయింది. అంతలోనే ఆవిడకి తిక్క లేచింది.

“నా వీపు నేనెలా చదువుకుంటానండీ? మెడేమైనా వెనక్కి తిరుగుతుందా?”

గదంతా గొల్లుమంది. ఆయన నవ్వాపుకోలేక చెయ్యెత్తి తన మోచేతి దగ్గర చిరుగు చూపించాడు.

“అయితే ఇదేంటో చెప్పండి చూద్దాం.”

“‘టోర్న్’. విశేషణం సార్. పరీక్షయ్యాక ఇలా ఇవ్వండి, కుట్టిపెడతాను.”

చీటీ ఆయన జేబులోకి పోయింది, పిన్ని బెంచీ మీద కూలబడింది. పరీక్షయ్యాక ఆయన్ని గేటు దగ్గర నిలబెట్టి ఆ చిరుగు కుట్టేసింది కూడా! నేను మళ్లీ తప్పాను, అది వేరే సంగతి. పిన్ని పాసైంది.

ఉద్యోగంలో చేరేరోజు పొద్దున్నే కొత్త చీటీ రాసుకుంది. ఈసారి తనకి కనబడేలా గుండెల మీద గుచ్చుకుంది.

“‘టీచర్’. నామవాచకమే కదే?” అంది, కళ్ల నిండా నీళ్లతో.

“నామవాచకమే పిన్నీ,” అన్నాను.

చీటీ తియ్యకుండానే వెళ్లింది.