నాలుగు గాస్కెట్లు మార్చిన బండి

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, మార్చి నెల మొదటి సోమవారం, ఒక బండి మీద టెక్నికల్ రిపోర్టు ఇవ్వమని నాకు ఆర్డరు వచ్చింది. గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ ఆటో వర్క్‌షాప్‌కు ఫోర్‌మన్‌గా అప్పటికి నాది ఆరో ఏడు. రిపోర్టుకు వారం గడువిచ్చారు.

బండి పన్నెండేళ్ల పాత డీజిల్ ఎస్‌యూవీ. కాగితాల్లో దాని పేరు ఏదైనా అందరూ జీపనే అనేవాళ్లు. కమాన్‌పూర్ వైపు ఓపెన్‌కాస్టు గనిలో సేఫ్టీ ఆఫీసర్‌ను తిప్పడం దాని పని. ఫిబ్రవరి చివర్లో, గని అడుగు నుంచి పైకెక్కే దారిలో ఆయిల్ లైటు వెలిగి, సరిగ్గా డంపర్లు తిరిగే చోట ఆగిపోయింది. ఇల్లంత డంపర్ వెనకాల హారన్ కొడుతుంటే సేఫ్టీ ఆఫీసర్ దిగి పైదాకా నడిచాడు. సేఫ్టీ ఆఫీసర్‌కే సేఫ్టీ లేకపోతే కంపెనీ ఊరుకోదు.

డ్రైవర్ పేరు దేవదానం. మందమర్రి క్వార్టర్లలో పుట్టి పెరిగినవాడు, తండ్రిది కూడా గని ఉద్యోగమే. ఆయిల్ చూసుకోకుండా బండి నడిపాడని అతనికి చార్జ్‌షీటు ఇచ్చి, విచారణ తేలేదాకా డ్యూటీ ఆపేశారు. నేరం రుజువైతే డ్రైవర్ పోస్టు పోతుంది, జనరల్ మజ్దూర్‌గా దిగాలి. ఇరవై ఆరేళ్లు స్టీరింగు పట్టిన మనిషి పార పట్టాలన్నమాట. అది నా రిపోర్టు మీద ఆధారపడి ఉంది.

నిజం చెప్పాలంటే, బండి చూడకముందే నేను రిపోర్టు సగం రాసేసుకున్నాను. జాబ్ కార్డులు తిరగేస్తే ఆ బండి పది నెలల్లో నాలుగుసార్లు ఆయిల్ లీకని వచ్చింది. నాలుగుసార్లూ ఇంజన్ మీది మూత కింద ఉండే గాస్కెట్ మార్చాం. గాస్కెట్ అంటే రెండు ఇనుప భాగాల మధ్య ఆయిల్ కారకుండా వేసే అట్టలాంటి పొర. నాలుగు కొత్త గాస్కెట్లు వేసినా కారుతోందంటే ఇంజన్‌లో మంట ఒత్తిడి కిందికి దిగకుండా ఆపే పిస్టన్ రింగులు అరిగాయి, ఆయిల్ తక్కువేసి నడిపితేనే అవి అరుగుతాయి, కాబట్టి తప్పు డ్రైవర్‌ది. ఈ లెక్క నాకు చాలా నచ్చింది. అందులో వర్క్‌షాప్ పేరు ఎక్కడా రాలేదు మరి.

చార్జ్‌షీటు అందుకున్నవాడి ఎదుటే తనిఖీ జరగాలని రూలు. బుధవారం పొద్దున దేవదానం ఇస్త్రీ చేసిన యూనిఫాంలో వచ్చాడు. బండిని మావాళ్లు అలవాటు ప్రకారం వాషింగ్ ర్యాంపు మీదికి తోస్తున్నారు. మా దగ్గర ఏ బండి వచ్చినా ముందు నీళ్లతో ఇంజన్ కడుగుతారు. బొగ్గు దుమ్ములో తిరిగొచ్చిన ఇంజన్‌ను కడగకుండా ముట్టుకుంటే ఆ చేతులతో టీ గ్లాసు పట్టలేం.

దేవదానం అడ్డం నిలబడ్డాడు. "లింగన్నా, ఒక్కసారి కడగకుండ చూడరాదు? ప్రతిసారి మీరు కడుగుతరు, లీకు కూడ కొట్టుకపోతది. బండి తళతళ మెరుస్తది, మల్ల తెల్లారే కారుతది."

నాకు కోపం వచ్చింది. ముప్పై ఏళ్ల సర్వీసున్న మెకానిక్‌కు ఒక డ్రైవర్ పని నేర్పడమేంటి? కానీ అతని మాటలో తప్పు వెతికితే దొరకలేదు. కోపం ఇంకాస్త పెరిగింది. బండిని ర్యాంపు దింపించాను.

కడగని ఇంజన్‌ను అలా తీరిగ్గా చూడడం నాకదే మొదటిసారి. లీకు వెతికేటప్పుడు ముందు కారేదేమిటో తేల్చుకోవాలి. రేడియేటర్ నీళ్లు ఆకుపచ్చగా ఉంటాయి, స్టీరింగు ఆయిల్ ఎర్రగా ఉంటుంది, గేర్ ఆయిల్ ముక్కుకు తెలుస్తుంది. ఇక్కడున్నది నల్లటి ఇంజన్ ఆయిలే. పొడిగా ఉన్నచోట బొగ్గు దుమ్ము ఊదితే ఎగిరింది. తడి ఉన్నచోట పిండిలా అంటుకుంది. ఆ పిండి మూడు చోట్ల ఉంది. పైమూత చుట్టూ, ముందు కవర్ దగ్గర, వెనక గేర్‌బాక్సు కలిసే చోట. నేను నాలుగుసార్లూ చూసింది మొదటి చోటే.

ఆ మూడు చోట్లా గుడ్డతో తుడిపించి, సుద్దపొడి చల్లించి, ఇంజన్ స్టార్ట్ చేయించాను. పది నిమిషాల్లో మూడు చోట్లా తెల్లటి పొడి మీద నల్లటి గీతలు దిగాయి. ఆయిల్ పోసే మూత విప్పి ఊరికే పైన పెడితే అది గిలగిల కొట్టుకుంది. లోపల గాలి ఒత్తిడి పెరిగిందని అర్థం. అరిగిన రింగుల లక్షణమే అది. నా లెక్క నిజమైంది. విచిత్రంగా, నాకేమీ సంతోషం కలగలేదు. దేవదానం ఆ మూతనే చూస్తూ నిలబడ్డాడు.

రిపోర్టు రాసేముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. ఇంజన్ లోపలి గాలి బయటికి పోవడానికి బ్రీదర్ అనే రబ్బరు పైపు ఉంటుంది. దాన్ని ఇంజన్ వైపు ఊడదీశాను. మూత గప్‌చుప్ అయింది. పైపు పూడుకుపోయి గాలి వెళ్లే దారి లేక, లోపలి ఒత్తిడి ఆయిల్‌ను సందు దొరికిన చోటల్లా బయటికి తోస్తోంది. రింగులు బాగానే ఉన్నాయి.

పైపులో స్క్రూడ్రైవర్ పెట్టి లాగితే బనియన్ వేస్టు వచ్చింది. చేతులు తుడుచుకునే గుడ్డపీలికలు. ఆయిల్‌కూ బొగ్గుకూ గట్టిపడి ఇటుకముక్కలా తయారైంది.

అదెలా వచ్చిందో నాకు వెంటనే తెలిసింది. ఆ రూలు నాదే. ఒకసారి కడిగేటప్పుడు లోపలికి నీళ్లు పోయి ఒక ఇంజన్ పాడైతే, ఇకమీదట బ్రీదర్ పైపు ఊడదీసి దాని మూతిలో వేస్టు కుక్కి కడగాలని ఆర్డరేశాను. కుక్కమని చెప్పాను. తీయడం ఎవరి పనో రాయలేదు. వేస్టు లోపలుండగానే ఎవరో పైపు బిగించేశారు, జాబ్ కార్డు కింద నేను సంతకం పెట్టాను.

దేవదానం ఆ ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పాపం, గా నాలుగు గాస్కెట్లు మంచిగనే ఉండెనేమో లింగన్నా," అన్నాడు.

సాయంత్రం మా డిప్యూటీ ఇంజనీర్‌కు చెప్పాను. ఆయన మంచివాడే. బ్రీదర్ మూసుకుపోయిందని రాస్తే చాలు, దేనితో అన్నది ఎందుకు, బొగ్గు దుమ్ము అనుకుంటారు అన్నాడు. అందులో ఒక చిక్కుంది. రోజూ దుమ్ము దులపడం డ్రైవర్ డ్యూటీ లిస్టులోదే. బొగ్గు దుమ్మని రాస్తే చార్జ్‌షీటు అలాగే నిలబడుతుంది. నాకా విషయం తెలుసు. అయినా ఆయన చెప్పినట్టే రాసి, మడిచి, ఒక రోజంతా డ్రాయర్‌లో ఉంచుకున్నాను. రెండేళ్లలో రిటైరయ్యేవాడికి తన ఫైలు శుభ్రంగా ఉండాలని ఉంటుంది. సిగ్గుపడాల్సిన మాటే, కానీ జరిగింది అదే.

శుక్రవారం దాన్ని చింపేసి రెండోది రాశాను. రూలు ఎవరిదో, సంతకం ఎవరిదో రాశాను. వేస్టు ముక్కను పాలిథిన్ కవర్లో పెట్టి జత చేశాను. దేవదానం మీద చార్జ్‌షీటు ఎత్తేశారు. నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది. జాబ్ కార్డులో 'వేస్టు తీసినవారి సంతకం' అని కొత్త గడి చేరింది.

డ్యూటీ ఆపిన సంగతి దేవదానం ఇంట్లో చెప్పలేదని తర్వాత తెలిసింది. ఆ పదకొండు రోజులూ ఫస్టు షిఫ్టు వేళకు యూనిఫాం వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరి, షిఫ్టు దిగేదాకా చర్చి వెనక కూర్చునేవాడట. ఊరికే కూర్చోలేక అక్కడ మూలపడ్డ జనరేటర్‌ను బాగుచేశాడు. అది ఇప్పటికీ నడుస్తోంది.

నేను నేర్చుకున్నదేమిటంటే, ఇంజన్ మూడు చోట్ల కారుతుంటే తప్పు ఆ మూడింటిలో దేనిదీ కాదు. దారి ఎక్కడ మూసుకుందో చూడాలి. ఆ చూడడం మన చెయ్యి పడిన చోటే మొదలుపెట్టాలి. నేను దాన్ని ఆఖరికి వదిలేశాను. అందుకు పట్టింది పదకొండు రోజులు. అవి నావి కావు.