ఇద్దరి నడుమ సూర్యుడు

దిల్‌సుఖ్‌నగర్‌లో సముద్రం ఉందంటే నవ్వుతారు. కానీ ఉంది. బస్ డిపో వెనక గల్లీలో, ఒక కోచింగ్ సెంటర్ మెట్ల కింద, బాల్‌రాజ్ ఫొటో స్టూడియోలో గోడకు వేలాడుతూ ఉంది. ఎడమ పక్క రెండు కొబ్బరిచెట్లు, కుడి పక్క పడవ, నడిమధ్యన సగం మునిగిన నారింజరంగు సూర్యుడు. ఒక వానాకాలం కప్పు కారి పడవ పక్కన గోధుమరంగు మరక పడితే, బాల్‌రాజ్ దాని మీద ఒక గుడిసె గీసి దీవి చేశాడు. సూర్యుడికి మాత్రం ఏటా దసరాకు పోస్టర్ కలర్ పూసి కొత్త చేస్తాడు.

నల్లగొండ పల్లెల నుంచి వచ్చి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో మూటలు మోసినవాళ్ళు పట్నంలో దిగిన మొదటి ఫొటో ఈ పరదా ముందరిదే. దాన్ని ఊరికి పంపేవాళ్ళు. ఒకతని తల్లి ఫొటో చూసి పక్కింటివాళ్ళ చేత ఫోన్ చేయించిందట: "బిడ్డా, పని లేనప్పుడు ఆ నీళ్ళల్లకు పోకు, నీకు ఈత రాదు."

బాల్‌రాజ్ పనిలో పక్కా మనిషి. ఒక గొడుగు లైటు ముఖం మీదికి ఏటవాలుగా, ఇంకొకటి జుట్టు మెరిసేట్టు వెనక నుంచి. ముక్కు నీడ పెదవిని ముట్టుకుందంటే మళ్ళీ మొదటికి వస్తాడు. భార్యాభర్తలైతే ఆయనది ఒకటే సూత్రం. రెండు తలల మధ్య జానెడు దూరం ఉండాలి, ఆ జానెడులో సూర్యుడు కూర్చోవాలి.

"ఇది ఏడి సముద్రమన్నా?" అని ఎవరైనా అడిగితే, "వైజాగ్. నేను రెండేండ్లు ఆడనే చేసిన" అనేవాడు. ఏళ్ళ తరబడి చెప్పీ చెప్పీ బోర్డు మీద కూడా రాయించాడు: సముద్రం ఫొటోల స్పెషలిస్ట్. నిజానికి యాభై దాటిన బాల్‌రాజ్ చూసిన అతి పెద్ద నీళ్ళు నాగార్జునసాగర్. అది కూడా గేట్లు మూసి ఉన్నప్పుడు. ఈ రహస్యం తెలిసింది ఆయన భార్య ఆండాలుకూ నాకూ మాత్రమే. నేను గ్రూప్స్ పరీక్షల కోసం ఆ కోచింగ్ సెంటర్ మెట్లు మూడేళ్ళు ఎక్కి దిగాను. ఇప్పుడు కిరాయి కారు నడుపుతున్నాను. ఈ దేశంలో చదువు ఇచ్చే మైలేజీ అంతే.

ఆ బోర్డు చదివే మహిపాల్ రెడ్డి లోపలికి వచ్చాడు. చంపాపేట్‌లో వాళ్ళ తాతలు జొన్నలు పండించిన భూమిలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు పండుతున్నాయి. ఈయన రోజూ గంజి పెట్టిన తెల్లచొక్కా తొడుక్కుని, పొట్టను ముందు నడిపించుకుంటూ వాటి చుట్టూ తిరుగుతాడు. ఆయన పెళ్ళైన కొత్తలో తీయించుకున్న ఫొటో కూడా ఈ పరదా ముందరిదే. సముద్రం చూపించమని భార్య అరుణజ్యోతి అడిగితే దిల్‌సుఖ్‌నగర్ తీసుకొచ్చాడు. ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ ఆవిడ ఆ ఫొటోను చూపించి మరీ ఈ సంగతి చెబుతుంది.

"బాల్‌రాజూ, మా జ్యోతికకు లగ్గం కుదిరింది. పెండ్లికి ముందు ఫొటోలు గావాల్నంటున్నది" అన్నాడు మహిపాల్ రెడ్డి. "గా కొత్త పోరగాళ్ళను పిలిస్తే, పిల్లను ఎత్తుకొమ్మంటరు, గిరగిర తిప్పమంటరు, నుదురుకు నుదురు ఆనియ్యమంటరు. నా ఇంట్ల గవన్ని నడువయి. నీ ఫొటోల నడుమ సూర్యుడు ఉంటడు సూడు, గది నాకు కావాలె. జానెడు దూరం, నడుమ సూర్యుడు. సూర్యుడు లేకుంటే ఫొటో లేదు."

పక్కనే ఉన్న జ్యోతిక పరదాను పైనుంచి కిందికి చూసింది. "నిజం సముద్రం కాడైతేనే డాడీ. దీని ముందర నేను నిలబడ."

"నీకు సముద్రం కొత్తేం గాదు గద?" అన్నాడు మహిపాల్ రెడ్డి.

"సముద్రంలనే పుట్టిన పటేలా!" అన్నాడు బాల్‌రాజ్. పుట్టింది దేవరకొండ దగ్గర.

ఆ రాత్రి ఆండాలు గిన్నెల చప్పుడు చేస్తూ అందట: "ఇది గిట్ల చెడిపోయిందనుకో, నీ బోర్డు నేనే పీకుత. జిరాక్స్ మిషన్ పెట్టుకుందాం. సముద్రం చూడని సముద్రపాయన అని గల్లీ గల్లీ నవ్వుతది."

కారు నాదే కుదిర్చారు. ఎల్.బి. నగర్ చౌరస్తాలో పెళ్ళికొడుకు అభిలాష్‌ను ఎక్కించుకున్నాం. మహిపాల్ రెడ్డి అతణ్ణి ముందు సీట్లో నా పక్కన కూర్చోబెట్టి, తను వెనక, భార్య పక్కన, కూతురికి అడ్డంగా కూర్చున్నాడు. బాల్‌రాజ్ ఆఖరి సీట్లో లైట్లను ఒళ్ళో పెట్టుకున్నాడు. కారు పైన తాళ్ళతో కట్టిన పొడుగాటి చుట్ట ఒకటి ఉంది.

"గదేంది?" అన్నాడు మహిపాల్ రెడ్డి.

"స్టాండు" అన్నాడు బాల్‌రాజ్, నా వైపు చూడకుండా. అది పరదా అని నాకు తెలుసు. కట్టింది నేనే.

బాపట్ల దాటి సూర్యలంక చేరేసరికి మూడు దాటింది. అందరూ దిగారు. బాల్‌రాజ్ దిగి, కారు తలుపు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. పరదా మీద సముద్రానికి అంచులున్నాయి. దీనికి లేవు. పైగా కదులుతోంది. దానికి ఆయన సిద్ధంగా లేడనుకుంటాను. చెప్పులు విడిచి, ఎరిగినవాడిలా నీళ్ళలోకి నడిచాడు. అల వచ్చి, వెనక్కి పోతూ ఆయన కాళ్ళ కింది ఇసుకను లాక్కుపోయింది.

"ఓ పటేలా! భూమి గుంజుకపోతున్నది!" అని కేకపెట్టి కూలబడ్డాడు. రెండో అల ముఖం మీద కొట్టింది. ఉమ్మేశాడు. "ఉప్పగున్నది! మస్తు ఉప్పగున్నది!"

అరుణజ్యోతి చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని చీలమండల దాకా నీళ్ళలో నిలబడి ఉంది. ఆవిడకూ అదే మొదటిసారి. "అన్నా, వైజాగ్‌ల రెండేండ్లు చేసినవు గద. అప్పుడు తియ్యగుండెనా?"

మహిపాల్ రెడ్డి బాల్‌రాజ్ వైపు చూసిన చూపుకు, ఇంకా రాయని జిరాక్స్ బోర్డు నాకు కళ్ళ ముందు కనబడింది.

బాల్‌రాజ్ మాత్రం సూర్యుణ్ణి నమ్ముకున్నాడు. జ్యోతికనూ అభిలాష్‌నూ సముద్రానికి వీపు పెట్టించి, జాన కొలిచి నిలబెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు తలల మధ్య సందును కెమెరాలో పట్టుకుని, సూర్యుడు వచ్చి అందులో దిగడం కోసం ఎదురుచూశాడు. గొడుగు లైటు రెండుసార్లు గాలికి ఎగిరిపోయింది. మూడోసారి నేను దాన్ని తేవడానికి పోలేదు. ఎండ వాళ్ళిద్దరి ముఖాల మీద కొడుతోంది. బాల్‌రాజ్ వీపు మాడుతోంది. అయినా ఆయనకు అనుమానం రాలేదు.

పక్కన మిరపకాయ బజ్జీల బండి పెట్టుకున్న శేషారత్నం అనే ఆవిడ చాలాసేపు చూసి, ఉండబట్టలేక వచ్చింది. "ఎవరి కోసం చూస్తున్నారండీ?"

"సూర్యుని కోసం."

"సూర్యుడా? మీ వెనకాల ఉన్నాడు కదండీ."

అందరం వెనక్కి తిరిగాం. సరుగుడు తోట మీద, పోయే తొందరలో ఉన్నాడు.

"మాకు పొద్దున్న సముద్రంలోంచి వస్తాడండీ, సాయంత్రం ఆ తోటల్లోకి పోతాడు. నీళ్ళల్లో మునగాలంటే మీరు గోవా వెళ్ళాలి" అంది ఆవిడ జాలిగా.

కారులో వచ్చిన వాళ్ళందరం పది పాసైన వాళ్ళమే. సూర్యుడు పడమట అస్తమిస్తాడని అందరికీ తెలుసు. బంగాళాఖాతం తూర్పున ఉందనీ తెలుసు. నేనైతే ఈ రెండింటినీ రెండు వేరువేరు పరీక్షల్లో రాశాను కూడా.

"రాత్రికి ఉండిపోండి, పొద్దున్నే తీసుకోవచ్చు" అంది శేషారత్నం.

"లగ్గం గాకముందు రాత్రి బయటనా? ఇజ్జత్ ఏం గావాలె!" అని మహిపాల్ రెడ్డి నా వైపు తిరిగాడు. "డ్రైవర్, బండి తియ్."

జ్యోతిక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బుగ్గల మీది రంగు కరగకుండా తల పైకెత్తి ఏడ్చింది. అభిలాష్ ఓదార్చడానికి ఒక అడుగు వేసి, మామను చూసి ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు. బాల్‌రాజ్ కారు పైకెక్కి తాళ్ళు విప్పాడు. దిల్‌సుఖ్‌నగర్ సముద్రం సూర్యలంక ఇసుక మీద పరుచుకుంది.

"సముద్రం ముందర సముద్రం పరదానా అంకుల్?" అంది జ్యోతిక, ఏడుపు మరిచిపోయి.

"సూర్యుడు గావాలె గదమ్మా. వీడైతే ఎటు పోడు."

మహిపాల్ రెడ్డి ఆలోచించాడు. షరతు షరతే. సూర్యుడు ఎవరు పూసిన సూర్యుడైతేనేం? శేషారత్నం దగ్గర రెండు సరుగుడు కర్రలు అడిగి పరదాను వాటికి కట్టాం. ఒక కర్ర నేను పట్టుకున్నాను. రెండోది, ఎవరినీ నమ్మని మహిపాల్ రెడ్డి తనే పట్టుకున్నాడు. ఇద్దరం నీళ్ళ అంచున నిలబడ్డాం. పిల్లలిద్దరూ మా ముందర ఇసుక మీద.

సాయంత్రం సముద్రపు గాలి ఊపందుకుంది. పరదా తెరచాపలా ఉబ్బి వాళ్ళ మీదికి వంగింది.

"పటేలా, ఎనకకు గుంజు! సూర్యుడు పిల్లగాని నెత్తి మీదికొస్తున్నడు!"

మహిపాల్ రెడ్డి బలమంతా పెట్టి వెనక్కి గుంజాడు. అప్పుడే నా చేతిలో కర్ర జారింది. నేను వదిలేశానని ఆయన ఇప్పటికీ అంటాడు. గాలి అని నేనంటాను. ఆయన పరదాను చుట్టుకుంటూ వెల్లకిలా అలలో పడ్డాడు. కొబ్బరిచెట్లు, పడవ, దీవి అన్నీ ఆయన మీదినుంచి పోయాయి.

చప్పుడుకు ఉలిక్కిపడి వెనక్కి చూసిన జ్యోతిక, అభిలాష్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నవ్వకూడదని ఇద్దరూ పెదవులు బిగబట్టారు. ఆ బిగబట్టడంలోనే నవ్వు తన్నుకొచ్చింది. వాళ్ళ వెనక, సరిగ్గా రెండు తలల మధ్య జానెడు సందులో, మహిపాల్ రెడ్డి సముద్రంలోంచి లేచాడు. పరదా జారిపోయింది. తడిసిన తెల్లచొక్కా పొట్టకు అతుక్కుపోయింది. ఆ పొట్ట మీద, పాతిక దసరాల పోస్టర్ కలర్‌తో, నిండుగా, గుండ్రంగా, నారింజరంగు సూర్యుడు అచ్చుపడి ఉన్నాడు.

బాల్‌రాజ్ నొక్కాడు.

"నీ యవ్వ, బాల్‌రాజూ!" అని మహిపాల్ రెడ్డి అలలు తన్నుకుంటూ వచ్చాడు. "కారెక్కుర్రి! ఫొటో లేదు, ఏం లేదు!"

అరుణజ్యోతి కెమెరా వెనక తెర మీద ఫొటో చూసి పకపకా నవ్వింది. "ఏం లేదంటవేంది? జానెడు దూరం ఉన్నది. నడుమ సూర్యుడున్నడు. నువ్వడిగిందే గద?"

ఆయన తన పొట్ట చూసుకున్నాడు. ఫొటో చూశాడు. ముక్కులోంచి కారుతున్న నీళ్ళు తుడుచుకున్నాడు.

బాల్‌రాజ్ మాత్రం ఫొటోలో ఇంకేదో చూస్తున్నాడు. పిల్లల ముఖాల మీద వెలుతురు పసుపు రాసినట్టు సమంగా పడింది. ముక్కు నీడ పెదవిని తాకలేదు. వెనక సముద్రం కళ్ళలో కొట్టకుండా, నీలంగా, నిమ్మళంగా ఉంది. ఆయన వెనక్కి తిరిగి సరుగుడు తోట మీది సూర్యుణ్ణి చూసి దండం పెట్టాడు. "కదలకుర్రి! ఒక్క లైట్ ముట్టుకోను. గీయన ఉన్నంతసేపు మనదే!" చీకటిపడే దాకా ఆయన నోరు మూయలేదు, మహిపాల్ రెడ్డి నోరు తెరవలేదు. ఆఖరి ఫొటో అరుణజ్యోతి అడిగింది. భర్త తడిచొక్కా చెయ్యి పట్టి పక్కకు లాక్కుంది.

"జానెడు?" అన్నాడు బాల్‌రాజ్ అలవాటుగా.

"గిన్నేండ్లు పెట్టినం గదన్నా జానెడు" అంది.

పెళ్ళి రోజు ఎల్.బి. నగర్ ఫంక్షన్ హాల్ గేటు దగ్గర ఆ పొట్ట సూర్యుడి ఫొటోనే నిలువెత్తు పెట్టారు. భోజనాల దగ్గర కంటే అక్కడే ఎక్కువమంది గుమిగూడారు. మహిపాల్ రెడ్డి చూసి ముఖం చిట్లించుకున్నాడు గానీ తీయించలేదు. ఆ చొక్కా ఎన్ని ఉతుకులు ఉతికినా సూర్యుడు పోలేదని అరుణజ్యోతి చెబుతోంది.

జిరాక్స్ మిషన్ రాలేదు. పరదా మళ్ళీ స్టూడియో గోడకు ఎక్కింది. కొబ్బరిచెట్లు ఉన్నాయి, పడవ ఉంది, అంచుల్లో ఉప్పు మరకలున్నాయి. నడుమ మాత్రం ఖాళీ. దసరా వచ్చింది, పోయింది. బాల్‌రాజ్ రంగు డబ్బా తెరవలేదు.

మొన్న సైదాబాద్ నుంచి ఒక కొత్త జంట వచ్చింది. కుర్రాడు పరదా వైపు తిరిగి అడిగాడు: "సముద్రంల సూర్యుడు లేడేందన్నా?"

బాల్‌రాజ్ గొడుగు లైటు వాళ్ళ ముఖాల వైపు తిప్పాడు. "ఉన్నడు, నా ఎనక ఉన్నడు. లేకుంటే మీ మొకాల మీద పడుతున్నదేంది మరి? గదుమ జర కిందికి."