వచ్చే స్టాపు, గేటు

డ్రైవరక్క స్టీరింగ్ పట్టి పంతొమ్మిదేళ్లు. డిపోలో బస్సు నడిపిన తొలి ఆడమనిషి. ఒక్క ప్రమాదం లేదు, మూడు షీల్డులు ఉన్నాయి. వరదొచ్చిన ఏడాది వంతెన మీద చిక్కుకున్న అరవై మందిని క్షేమంగా ఒడ్డుకు చేర్చింది. డిపో పుస్తకంలో ఆమె బండి ఎదురుగా ఆలస్యం అన్న మాటే కనిపించదు. అలాంటి మనిషి ఆ సోమవారం పొద్దున బడి స్టాపులో బండి ఆపి, ఎనిమిదేళ్ల కూతురి ముందు ఏమీ తోచక కూర్చుంది.

పిల్ల డ్రైవరు సీటు వెనక కడ్డీని రెండు చేతులా బిగించి పట్టుకుంది. కండక్టరు ఆ పిల్లకు పెట్టిన పేరు బొంగరం. పిల్ల ఒక్కచోట నిలవలేకపోవడం, ఒక్క పని మీద మనసు పెట్టలేకపోవడం ఏడీహెచ్‌డీ అనీ, పొగరు కాదనీ డాక్టరు చెప్పి ఏడాదైంది. బడిలో మాత్రం కుదురుగా కూర్చోలేదని రోజూ నిలబెట్టేవారు. దాంతో పిల్ల బడంటేనే మొండికేసింది. ఈ రోజు గంట కొట్టేలోపు రాకపోతే పేరు కొట్టేస్తామని పెద్ద టీచరు శుక్రవారమే ఖరాఖండిగా చెప్పేసింది. ఇంకా ఆరు నిమిషాలున్నాయి.

"దిగు తల్లీ. సంచి తగిలించుకో, నీళ్ల సీసా మర్చిపోకు, తిన్నగా వెళ్లు, టీచరుకు చీటీ ఇవ్వు, బుద్ధిగా కూర్చో."

"దిగను."

"కాళ్లు పట్టుకోమంటావా?"

"పట్టుకో. అయినా దిగను."

వెనక సీటు పెద్దాయన గొణిగాడు. "ఒక్కటి తగిలిస్తే అదే దిగుతుంది. మాకూ ఆఫీసులున్నాయమ్మా."

డ్రైవరక్క చెయ్యి లేచింది. నిజంగానే లేచింది. కండక్టరు మధ్యలోకొచ్చి నిలబడ్డాడు.

"ఆగక్కా. నేను పద్దెనిమిది స్టాపులూ ఒక్క గుక్కలో అరిస్తే ఎవడైనా దిగుతాడా? వచ్చేదొక్కటే కదా చెప్తాను. నువ్వు పిల్లకి రూటంతా చదువుతున్నావు."

ఆమెకు చురుక్కుమంది. ఏడాదిగా ప్రతి పొద్దునా అదే పని చేసింది మరి. చెయ్యి దించి, గొంతు సవరించుకుంది.

"వచ్చే స్టాపు, ఫుట్‌బోర్డు."

పిల్ల అనుమానంగా చూసింది. ఒక చెయ్యి వదిలింది. కాసేపటికి రెండోదీ వదిలి ఫుట్‌బోర్డు మీదికి దూకింది.

"వచ్చే స్టాపు, గేటు."

సగం దూరం పరిగెత్తి, చీమల బారు కనబడగానే చతికిలబడింది. వెనక లారీ హారన్ మోగించింది. అరుపు గొంతుదాకా వచ్చినా డ్రైవరక్క మింగేసి, కిటికీలోంచి మెల్లగా, "గేటు, గేటు," అంది. పిల్ల లేచింది. గేటు దగ్గర మళ్లీ ఆగింది.

"అమ్మా, నువ్వెళ్లిపోతావా?"

"డబుల్ బెల్లు పడందే బండి కదలదు. నీకు తెలుసుగా."

కండక్టరు బెల్లు తాడు వదిలేసి రెండు చేతులూ చూపించాడు. "ఈ పూట నా డ్యూటీ నీదే, బొంగరం."

కాపలాదారు గేటు లాగుతున్నాడు. ఆ సందులోంచి పిల్ల లోపలికి దూరింది. నీళ్ల సీసాతో ఇనుప ఊచల మీద ఒక దెబ్బ కొట్టింది. గొణిగిన పెద్దాయన కూడా కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. రెండో దెబ్బ పడింది. బడి గంట దాని వెనకే మోగింది. డ్రైవరక్క గేరు వేసింది.

సాయంత్రం డిపోలో గుమాస్తా పుస్తకం తెరిచి తల గోక్కున్నాడు. "పంతొమ్మిదేళ్ల రికార్డక్కా. ట్రాఫిక్ అని రాసేస్తాలే."

ఆమె కలం లాక్కుని తనే రాసింది: ఆరు నిమిషాలు ఆలస్యం. ప్రయాణికురాలు దిగేదాకా ఆగాను.